ఇంట్లో అనకూడని మాట

తలుపు తోసి లోపల అడుగు పెట్టగానే ఎర్సీలియా నెత్తిన గుప్పెడు సున్నం పడింది.

పైన పరంజా మీంచి ఒక కుర్రాడు తొంగిచూశాడు. "సారీ దొరసానీ. దేవదూతకి ముక్కు అతికిస్తున్నా, చెయ్యి జారింది."

"నేను దొరసానిని కాదు. టురిన్‌లో పళ్ల డాక్టర్ దగ్గర అసిస్టెంట్‌ని."

"అయితే ఇంకా మంచిది. వీడికి పళ్లు కూడా ఊడాయి."

ఆమెకి నవ్వొచ్చింది. అక్కడే చిక్కుపడింది అసలు కథ.

కుర్రాడి పేరు నున్సియో, గచ్చు బొమ్మలు బాగుచేసే మేస్త్రి. నేపుల్స్ నడిబొడ్డున మూడొందల ఏళ్ల కిందట ఈ పెద్ద ప్యాలెస్ కట్టించిన తోర్రెబ్రూనా వంశంలో ఇప్పుడు మిగిలింది ఎర్సీలియా ఒక్కతే. తాతగారి చెల్లెలు పోతూ పోతూ ఇల్లు ఆమె పేర రాసింది. హోటల్ వాళ్లెవరో కొంటామన్నారు. మూడు వారాల తర్వాత శుక్రవారం సంతకాలు. ఈలోగా విరిగిన బొమ్మలన్నీ అతికించాలి.

ఆ మూడు వారాల్లో ఆమె సున్నం కలపడం నేర్చుకుంది. అతను ఆమె కాఫీలో చక్కెర ఎంతో నేర్చుకున్నాడు. ఇద్దరికీ విషయం అర్థమైపోయింది. కానీ ఆమె "ఇల్లు అమ్మేశాక..." అని మొదలుపెడితే చాలు, అతను పెదవుల మీద వేలు పెట్టుకుని, భయంగా పైకప్పు కేసి చూసి, "బయటికి పద, వీధిలో మాట్లాడదాం" అనేవాడు. తర్వాతి సంగతి తనతో మాట్లాడటమే అతనికి ఇష్టం లేదనుకుంది ఎర్సీలియా. ఒక్కసారి కూడా అతని వెంట వీధిలోకి వెళ్లలేదు.

మా నేపుల్స్‌లో ఇది తెలియనివాళ్లు లేరు. ప్రతి ఇంటికీ బెల్లా ఎంబ్రియానా అని ఒక ఇంటి దేవత ఉంటుంది. కనిపించదు. గడప దాటగానే ఆవిడకి ఓ నమస్కారం పెడతాం. ఇల్లు మారే మాట, అమ్మే మాట మాత్రం ఆవిడ చెవిన పడకూడదు, రోడ్డు మీదకి పోయి చెప్పుకోవాలి. ఆవిడ అలిగిందంటే ఆ ఇంట్లో ఒక ప్రాణం పోతుందంటారు. టురిన్ పిల్లకి ఇదంతా చెబితే నవ్వుతుందని నున్సియో నోరు కట్టేసుకున్నాడు.

ఇల్లు మాత్రం ఊరుకోలేదు. రాత్రి సర్దుకున్న పెట్టె పొద్దున్నే ఖాళీగా ఉండేది. బట్టలన్నీ బీరువాలో మడతపెట్టి ఉండేవి. ఎవరు విప్పారని ఎర్సీలియా కింద వాచ్‌మన్ గదిలో ఉండే తితీనా ఆంటీని నిలదీసింది. తాను మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కి రెండేళ్లయిందని ఆంటీ చెప్పింది. చెప్పి, సిలువ గుర్తు వేసుకుంది.

గురువారం మధ్యాహ్నం. మూడింటికి మా ఊరు తలుపులేసుకుని పడుకుంటుంది. ఆ వేళ మనుషులది కాదు. ప్యాలెస్ నాట్యశాలలో పరంజా మీద నున్సియో, కింద పెట్టె పట్టుకుని ఎర్సీలియా.

"ఒక్కసారైనా నన్ను ఉండమన్నావా నువ్వు?"

"బయటికి పద, చెప్తా."

"అక్కర్లేదు. రేపు సంతకం పెట్టేస్తా. ఇల్లు ఇచ్చేస్తా. మళ్లీ ఈ గోడల ముఖం చూడను."

గాలి లేదు. కిటికీ రెక్కలు ఒకటొకటిగా, తొందర లేకుండా మూసుకున్నాయి. చివరికి తలుపు. ఎర్సీలియా వెళ్లి పిడి పట్టుకుంది. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది. అది మనిషి మణికట్టులా వెచ్చగా ఉంది. లోపల నాడి కొట్టుకుంటోంది.

నున్సియో పైకి చూశాడు. నలభై మంది గచ్చు దేవదూతలు. ఒక్కొక్కరి ముక్కూ అతని చేత్తో అతికించిందే. పొద్దున అందరూ కిటికీల వైపు చూసేవాళ్లు. ఇప్పుడు ఎర్సీలియాని చూస్తున్నారు.

పరంజా దిగి పరుగున వచ్చి ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, తప్పు ఈ పిల్లది కాదు. మన పద్ధతి నేనే చెప్పలేదు. తను పోతుందంటే నీకెంత బాధో నాకూ అంతే. కానీ తలుపు తెరువమ్మా. ఉంటే ఇష్టపడి ఉండాలి. మూసిపెట్టి ఉంచుకోకూడదు."

తర్వాత తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. మెట్లు, వాటి అవతల ఎండ, వీధి. పరుగెత్తితే పది అడుగులు.

ఎర్సీలియా వెళ్లలేదు. "నీకూ అంతే అన్నావు. ఎంత?"

"వీధిలో చెప్తా."

"ఇక్కడే చెప్పు. ఆవిడ వింటే విననీ."

"నువ్వంటే ప్రాణం నాకు. ఇల్లు అమ్మితే అమ్మేసుకో, నువ్వు మాత్రం..." అని నాలుక కరుచుకున్నాడు నున్సియో. అమ్మే మాట ఇంట్లో అననే అనేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి పైకి చూశారు.

ముందు తేరుకున్నది ఎర్సీలియాయే. గది మొత్తం వినేలా చెప్పింది. "రేపు సంతకం లేదు. హోటల్ వాళ్లకి ఫోన్ చేసి చెప్పేస్తా. నేను ఇక్కడే ఉంటా, ఈ మేస్త్రిని చేసుకుని."

అతను ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు ఎవరో అతని వీపు మీద మెల్లిగా తట్టారు. పెద్దవాళ్లు దీవించేటప్పుడు తడతారే, అలా, మూడుసార్లు.

ఎర్సీలియా చేతులు రెండూ ఇంకా అతని చేతుల్లోనే ఉన్నాయి.