మిగిలిన ఇంటి ఓట్లు

ప్రభాకరరావు జీవితంలో అది మొదటి ఉపన్యాసం. చప్పట్లు బాగానే పడ్డాయి. వాటి మధ్య నుంచి ఒక ప్రశ్న లేచి అంతా పాడుచేసింది.

ఒంగోలు జిల్లాకు ప్రకాశం అని కొత్తగా పేరు పెట్టిన రోజులవి. జై ఆంధ్ర ఉద్యమం జోరుమీదుంది. సమ్మెలో ఉన్న ఉద్యోగులు, టీచర్లు మార్కాపురం బజారులో షామియానా వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పలకల దుకాణం ప్రభాకరరావు వాళ్ళది. రోజూ శిబిరానికి మజ్జిగ పంపీ పంపీ, ఆ రోజు తనే మైకు పట్టుకున్నాడు.

"ఆంధ్ర వేరైతే మన ఓటు మనకే. పోతామనేవాళ్ళను పట్టి ఆపేది అన్యాయం" అని ముగించాడు.

వెనక వరుసలో నీలం చీర కట్టుకున్న టీచరు లేచింది.

"నాకొక డౌటండీ. మనం పోయినాక, మిగిలిన రాష్ట్రంలో ఎలక్షన్లు ఏమవుతాయి?"

"ఏమవుతాయి? అసెంబ్లీలో మన మెంబర్లు తగ్గుతారు. అంతే కదా."

"ఎలక్షన్లు తీసివేత లెక్క కాదు. నిన్నటిదాకా మన మెంబర్ల అండ చూసుకొని ఒక పక్క నిలబడినోళ్ళు అక్కడ ఉంటారు. మనం లేచి వస్తే వాళ్ళు ఆ పక్కనే ఉంటారా? బలం ఎక్కడుంటే అక్కడికి పోతారు. పోయేవాళ్ళ గురించే అందరూ చెప్తున్నారు, ఉండేవాళ్ళ సంగతి ఏంది?"

"ఉండేవాళ్ళ గొడవ మనకెందుకు టీచరమ్మా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వకుండా కూర్చుంది. అంతలో అకాలపు వాన. షామియానా ఎక్కడపడితే అక్కడ కారింది. సగంమంది పలకల దుకాణంలోకి పరుగెత్తారు, ఆమె కూడా.

"తడిసినా డౌటు మాత్రం తగ్గలేదే" అన్నాడు ప్రభాకరరావు.

"మీ ఉపన్యాసం వానకు ముందే నీరుగారింది కదండీ."

ఆమె పేరు హన్నా. కొనకనమిట్ల దగ్గర పల్లెలో కూలికి పోయే విశ్వాసం అనే ఆయన కూతురు. ఊళ్ళో చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల. మర్నాటి నుంచి మజ్జిగ గ్లాసు ముందు ఆమెకే అందేది. ఆమె కళ్ళెత్తి చూస్తే ప్రభాకరరావు పలక అడిగినవాళ్ళకు బలపాలిచ్చేవాడు. సమ్మె నెలలు సాగింది. జీతాలు లేక అందరూ దిగులుపడుతుంటే, ఇది ఇంకా సాగితే బాగుండునని కోరుకున్నది ఊరు మొత్తంలో అతనొక్కడే.

సమ్మె ముగిసి బడులు తెరిచాక పెళ్ళి మాట అతనే ఎత్తాడు.

"దొంగతనంగా రాను" అంది హన్నా. "మీ ఇంటివాళ్ళు వచ్చి మా నాయనను అడగాల. ఎర్రగొండపాలెం నుంచి ఒక సంబంధం వచ్చింది, ఆపమని చెప్పినా. నాయన ఎక్కువ రోజులు ఆగడు."

"మా ఇంట్లో ఓట్లు నావే" అన్నాడు ప్రభాకరరావు.

ఉత్తమాట కాదు. వాళ్ళ తాత స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకు పోయి వచ్చి ఇంట్లో ఒక ఆచారం పెట్టాడు. పెద్ద విషయమేదైనా పెళ్ళయినవాళ్ళంతా చెయ్యెత్తి తేల్చాలి. పొయ్యి వేరు పెట్టుకున్నవాళ్ళకు మాత్రం అక్కడ మాట లేదు. నాయన వీరాంజనేయులు ఈ పెళ్ళికి ససేమిరా అన్నాడు. చిన్నాయన కోటేశ్వర్లు, చిన్నమ్మ, అమ్మ రామతులసమ్మ, నాయనమ్మ, నలుగురూ పిల్లవాడి పక్కన ఉన్నారు.

ఆ సమయంలోనే చిన్నాయనకు గిద్దలూరులో దుకాణం కుదిరింది. వేరుపడాలని ఎప్పటినుంచో ఆయన కోరిక.

"నీ సంగతి తేలినాకనే పోతా రా" అన్నాడు.

"ఉగాది ముహూర్తం దాటిపోతాది చిన్నాయనా. మీరిద్దరూ పోయినా అమ్మ, నాయనమ్మ ఉన్నారు. అటు నాయన ఒక్కడే. పోతామనేవాళ్ళను నేనే ఆపితే ఇంక నా జై ఆంధ్ర ఏంది?"

చిన్నాయన కళ్ళు తుడుచుకుని అన్న కొడుకును కౌగలించుకున్నాడు. ఉగాదికి గిద్దలూరులో పొయ్యి వెలిగింది.

ఈ సంగతి గొప్పగా చెబితే హన్నా ముఖం వాడిపోయింది.

"మీ నాయనమ్మ ఇన్నాళ్ళు ఎవరి అండ చూసుకొని మీ నాయనకు ఎదురు చెప్పింది?"

"ఉద్యోగం మానేసి ఎమ్మెల్యేకు నిలబడు, నువ్వే గెలుస్తావు" అని అతను నవ్వాడు. హన్నా కొంగుతో ముఖం తుడుచుకుని బడికి వెళ్ళిపోయింది.

వారం తర్వాత వీరాంజనేయులు అందరినీ కూర్చోబెట్టాడు. "ఆ అమ్మాయిని ఈ ఇంటికి తెచ్చేది ఎవరికిష్టమో చెయ్యెత్తండి."

నాయనమ్మ చిన్నకొడుకు కూర్చునే చోటు చూసింది. "ఇప్పుడు నాకు దిక్కు పెద్దోడొక్కడే నాయనా. వాడి మాట కాదని ఈ ఇంట్లో ఏ మూలన కూర్చునేది?" అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

రామతులసమ్మ చెయ్యి భుజం దాకా లేచింది. అత్త చూసింది. భర్త చూశాడు. పక్కన తోడికోడలు లేదు. లేచిన చెయ్యి కొంగు సర్దుకుని కిందికి దిగింది.

ప్రభాకరరావుకు ఏడుపొచ్చింది. ఏడవలేదు.

శనివారం సాయంత్రం బస్టాండులో హన్నాను కలిసి జరిగిందంతా చెప్పాడు. కొనకనమిట్ల వైపు ఆ రోజుకు అదే ఆఖరి బస్సు.

"గిద్దలూరు పోదాం హన్నా. చిన్నాయన పెళ్ళి చేస్తాడు. రేపు పొద్దున మీ నాయన కాళ్ళు నేను పట్టుకుంటా, చిన్నాయన వాళ్ళు కూడా వస్తారు."

హన్నా బస్సు మెట్టు దగ్గరే ఆగి అతని వైపు తిరిగింది. ఆమె కళ్ళనిండా అతనే ఉన్నాడు. "మీ అమ్మ చెయ్యి ఎత్తబోయిందని మీరే చెప్పినారు. మీరు కూడా వచ్చేస్తే ఆ ఇంట్లో ఆమె పక్కన ఎవరుంటారు? ఇంక జన్మలో ఆ చెయ్యి లేస్తాదా?"

"మరి నేను?"

"నాకూ ప్రాణం ఒప్పడంలేదు. కానీ ఒక తల్లిని ఒంటరిని చేసి నేను సుఖపడలేను. ఇంటికి పోంగనే ఎర్రగొండపాలెం సంబంధానికి సరేనని నాయనకు చెప్తా. మళ్ళీ రావద్దండీ."

బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. దుమ్ము తగ్గేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. వసారాలో రామతులసమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన అతని సంచీ, మూతి బిగించి కట్టి ఉంది.

"ఏందమ్మా ఇది?"

"నీ బట్టలు. కారం పొడి కూడా పెట్టినా. ఆ పిల్లను తీసుకొని గిద్దలూరు పోతావనుకున్నా." లోపలికి వినబడకుండా గొంతు తగ్గించింది. "అందరి ముందర చెయ్యి ఎత్తలేకపోయినా నాయనా. ఇదన్నా చేద్దామని. ఆ పిల్ల ఏది?"

"పోయింది."

"నాకోసమని నువ్వు ఆగినావా?"

ఆగినది తాను కాదు, హన్నా. అరుగు మీద కూలబడ్డాడు.

రామతులసమ్మ కొడుకు ముఖం చూసింది. సంచీ ముడి విప్పి, చొక్కాలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేయసాగింది.