చింతచెట్టు తొర్రలో కూత

ఇంటర్వెల్ బెల్ కొట్టినా ఝాన్సీ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయలేదు. రాత్రంతా వాళ్ల పెరటి చింతచెట్టుకు కట్టి ఉంచిన రికార్డర్‌లో గుడ్లగూబ అరుపు వినిపిస్తోంది. తొర్రలో పిల్లలు బుసకొడుతున్నాయి కూడా!

ఈ పని పద్మకుమారి టీచర్ నేర్పింది. ఆవిడ ఎచ్చెర్లలో ఇందులో ట్రైనింగ్ అయి వచ్చింది. ఎవరి పెరట్లో రికార్డర్ పెట్టె వాళ్లే కట్టాలి. ఏ పిట్ట వినబడితే బోర్డు మీద ఆ పిట్ట కింద తమ పేరు రాయాలి. మధ్యాహ్నం ఊరివాళ్లు వచ్చి ఆ కూతలు వింటారు.

ఝాన్సీ కోయిల కింద తన పేరు రాసింది. గుడ్లగూబ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

రాత్రి ఆ కూత విన్న నాయనమ్మ దానమ్మ పొద్దున్నే గట్టిగా చెప్పింది. "ఒసే, ఆ గూబ సంగతి ఎవులికీ సెప్పకు. గూబ కూసిన కొంపంటారు. మన పరువు పోతాది."

"మీ పెట్టెలో గూబ నేదేటే?" అని పక్క బెంచీ నవీన్ అడిగాడు.

"నేదు" అనేసింది ఝాన్సీ.

మధ్యాహ్నం క్లాసు రూము నిండిపోయింది. దానమ్మ కూడా వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. రైతు అసిరయ్య బోర్డంతా చూశాడు.

"ఏటి టీచరమ్మా! గూబలుంటే ఎలకల్ని తినేస్తాయి, మందెట్టకుండా ఆగమన్నారు. ఒక్కటీ నేదు కదా. ఎలకలు సేనంతా కొరికేస్తన్నాయి. సాయంత్రం మందెట్టేస్తాను."

టీచర్ నిట్టూర్చింది. "మందు తిన్న ఎలుకని తింటే గూబ కూడా చస్తుందని ఆగమన్నాను. గూబలే లేకపోతే ఏం చెప్పను?"

 ఝాన్సీకి తొర్రలో పిల్లల బుసలు గుర్తొచ్చాయి. లేచి, రికార్డర్‌ని స్పీకర్‌కి తగిలించింది.

కీచుమన్న అరుపుకి అందరూ ఉలిక్కిపడ్డారు.

"అమ్మో! ఎవులింట్లోదే అది?" అన్నాడు అసిరయ్య.

దానమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఝాన్సీకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా చెప్పింది.

"మా సింతసెట్టులోదే మావా. పిల్లలు కూడా ఉన్నాయి. నేనే రాయనేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అసిరయ్య నవ్వలేదు.

"మరి మా సేను దాకా వస్తాదేటి?"

"తెల్దు మావా. పెట్టె కట్టి ఇందాం. అందాకా మందెట్టకు."

"సరే, పద."

ఝాన్సీ రికార్డర్ తీసుకుని, అందరి ముందునుంచే అసిరయ్య చేనువైపు బయల్దేరింది.