దాపల చక్రం

బోధన్ సబ్ ఇన్‌స్పెక్టర్ రాజలింగు ముందు అబద్ధమాడి తప్పించుకున్న మనిషి మంజీరకు ఈ ఒడ్డున లేడు, ఆ ఒడ్డున లేడు. అబద్ధం ఎదుటివాడి నోట్లో ఉండగానే ఈయన మీసం కుడి కొస లేచి నిలబడేది. నేను కళ్లారా చూశాను.

సరే, కేసు వినండి.

1967 జనవరి 19. గురువారం, మా దిక్కు మాటలో బేస్తవారం. మధ్యాహ్నం 2.40.

ఫ్యాక్టరీలో చెరకు ఆడుతున్న రోజులు. ఊరంతా ఉడికిన రసం వాసన. స్టేషన్లోకి తెల్ల ప్యాంటు మనిషి ఒకడు ఉరికొచ్చాడు. పేరు ఆత్మారాం. నిజామాబాద్‌లో బట్టల దుకాణం.

“సార్, మా కాకా ఇంట్ల దొంగతనం! దొంగను షెడ్డుల ఏసి తాళం పెట్టొచ్చిన.”

“ఏం పోయింది?”

“కారు సామాను. ఏందో గుండ్రంది. నాకు గా పేర్లు రావు సార్. మెకానిక్ లోపలి నుంచి ‘బేరింగ్ పోయింది’ అని ఒర్లిండు. ఇంకో మాట మాట్లాడనియ్యలే. తలుపు గుంజి తాళం ఏసిన.”

“ఎన్నింటికి?”

“రెండూ పదికి.”

“గంత చిన్న సామానుకు గింత ఉరుకుడెందుకు?”

“ఐతారం హైదరాబాద్ నుంచి కారు కొనెటాయన వస్తుండు సార్. చక్రం లేని కారు ఎవడు కొంటడు?”

రాజలింగు టోపీ పెట్టుకున్నాడు. జీపు కదిలింది.

ఆత్మారాం కాకా పేరు దేవిదాస్ రావు. చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. పిల్లల్లేరు. భార్య రాధాబాయి పోయి నాలుగేళ్లు. ఫ్యాక్టరీ సైరను మోగినప్పుడల్లా చేతి గడియారం సరిచేసుకునేవాడు. ఆ గడియారం చూసుకుని పోవలసిన చోటు మాత్రం ఏదీ లేదు.

వరండాలో వాలుకుర్చీ. మోకాళ్ల మీద శాలువా. షెడ్డు ఇంటి వెనకాల. అక్కడి నుంచి కనబడదు.

“ఏం పోయింది సార్?” రాజలింగు అడిగాడు.

“దాపల చక్రం బేరింగు.”

“మీరు షెడ్డుకు పోయి చూసిండ్రా?”

“లేదు. మోకాళ్లు లేవనిస్తలేవు. పొద్దటి సంది ఈ కుర్చీలనే ఉన్న.”

వెనక నిలబడ్డ కానిస్టేబుల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు. ఎందుకో రాజలింగుకు అర్థం కాలేదు. అడగనూ లేదు. తప్పు అక్కడే జరిగింది.

షెడ్డు తాళం తీశారు.

లోపల దుంగల మీద ఎర్ర కారు. రెండే సీట్లు. విలాయతి ఇంజనీరు ఒకాయన దేశం వదిలి పోతూ దేవిదాస్ రావుకు అమ్మింది. రాధాబాయి ఉన్నప్పుడు నిజాంసాగర్ కట్ట దాకా రెండుసార్లు పోయొచ్చింది. ఆమె పోయాక ఒకనాడు చెరకు బండ్లు తవ్విన గుంతలో పడి వెనక స్ప్రింగు పట్టీ విరిగింది.

కారు పక్కన నేల మీద మెకానిక్ లింబయ్య కూర్చుని ఉన్నాడు. బస్టాండు దగ్గర రిపేరు షాపు అతనిది. అంతకుముందు తండ్రితో కలిసి ఎద్దుబండ్ల చక్రాలు చేసినవాడు. చదువు రాదు. మూడేళ్లుగా ప్రతి బేస్తవారం షాపు మూసి ఇక్కడికి వస్తున్నాడు. స్ప్రింగు పట్టీలు విప్పి, కొలిమిలో కాల్చి, వంపు తెచ్చి, మళ్లీ కట్టాడు. షాక్ అబ్జార్బర్లు కడిగి నూనె మార్చాడు. చక్రాల బేరింగుల దగ్గరే పని ఆగింది. బొంబాయి నుంచి తెప్పించినవి రెండుసార్లు కనబడకుండా పోయాయి. ఇది మూడోసారి.

“అన్నానికి ఎన్నింటికి పోయినవ్?”

“పన్నెండూ నలభైకి సార్.”

“అప్పుడు బేరింగులు ఉన్నయా?”

“రెండు దిక్కుల తొడిగిన. నట్లు ఉత్తగనే పట్టిచ్చిన. తిన్నంక గట్టిగ బిగిద్దామని పాత బట్టలు కప్పి పోయిన.”

“వచ్చినంక?”

“బట్టలు కప్పినట్టే ఉన్నయ్. తీస్తే ఈ దిక్కుది లేదు. నట్టు మాత్రం ఉంది.”

రాజలింగు వంగి చూశాడు. కుడి పక్క అంతా సవ్యంగా ఉంది. ఎడమ ఇరుసు మీద బేరింగు లేదు. నట్టును మాత్రం ఎవరో జాగ్రత్తగా మళ్లీ ఎక్కించారు. పట్టుకుని తిప్పాడు. బిగుసుకుపోయింది.

“ఉల్టా తిప్పాలె సార్. ఈ దిక్కు నట్టుకు మరలు ఉల్టా ఉంటయ్. కారు నడిచేటప్పుడు ఊడకుండ.”

“తెల్వనోడు విప్పితే?”

“ఇంకింత బిగుస్తది. మొదట్ల నేను గూడ పైపు తగిలిచ్చి గంటసేపు గుంజిన. మా సారు బుక్కు సదివి ఉల్టా అని చెప్పి, ఒకటే నవ్వుడు. రాధాబాయమ్మ పోయినంక గాయిన నవ్వుడు గదే మొదలంట.”

“ఈ ఉల్టా సంగతి బోధన్ల ఎవరెవరికి ఎరుక?”

“నాకు. మా సారుకు.”

“తన సొమ్ము తనే దొంగతనం చేస్తడా?”

“ఎందుకు చేస్తడు సార్?”

“మరి ఎవరు మిగిలిండ్రు?”

లింబయ్య వేళ్లు మడిచి చూసుకున్నాడు. పాపం, లెక్క సరిగ్గానే చేశాడు.

“నేనే.”

3.15కి బేడీలు పడ్డాయి.

“ఒక్క నిమిషం సార్. పానాలు లెక్కపెట్టుకుంట.”

బేడీల చేతులతోనే ఒక్కొక్క పానా తీసి సంచిలో వేశాడు. పన్నెండు. సంచి మూతి కట్టాడు.

“ముప్పై ఏండ్లల్ల ఒక్క పానా మరిచిపోలే సార్. ఒక్క మాటినుండ్రి. బస్టాండు దిక్కు నుంచి తీస్కపోకుండ్రి. నా చేతులకు బేడీలు సూస్తె ఇంకెవ్వడు నాకు బండి అప్పజెప్పడు.”

వరండా ముందు నుంచి నడిపించారు. దేవిదాస్ రావు బేడీల వైపు చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు. గడియారం చూసుకున్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రాజలింగు మీసం ఆ రోజు లేవలేదు. ఎట్లా లేస్తుంది? ఆయనకు మీసమే లేదు. పొద్దున్నే నున్నగా గీక్కునే మనిషి. ఆ మధ్యాహ్నం ఆయన చెవి పక్క నుంచే ఒక అబద్ధం దర్జాగా నడిచిపోయింది.

జీపు మలుపు తిరిగింది. కానిస్టేబుల్ మళ్లీ నవ్వాడు.

“ఏందిరా నీ నవ్వు?”

“పెద్దసారు ‘దాపల చక్రం’ అన్నడు సార్! నాగలికి ఎడమ దిక్కు కట్టేది దాపలెద్దు, కుడి దిక్కుది వలపలెద్దు. గది మా రైతుల మాట. ఇంగ్లీషు బుక్కులు సదివే సారుకు ఎక్కడ దొరికిందా అని.”

“నా దగ్గరనే దొరికింది,” అన్నాడు లింబయ్య, బయటికి చూస్తూ. “కారు చక్రాలను గూడ నేను గట్లనే అంట. మొదట్ల సారు లెఫ్టు, రైటు అనేది. ఇప్పుడు గాయిన గూడ దాపల, వలపలనే.”

రాజలింగు డ్రైవర్ భుజం పట్టుకున్నాడు. జీపు ఆగింది.

“లింబయ్యా, పోయింది దాపలదని నువ్వెవరికి చెప్పినవ్?”

“ఎవరికి చెప్త సార్? మీరొచ్చేదాక తాళంలనే ఉంటి. మీకే చూపిచ్చిన.”

“ఒర్లినప్పుడు?”

“బేరింగ్ పోయిందన్న. గంతే.”

“వాపస్ తిప్పు.”

3.40. రాజలింగు నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. వంట మనిషి భీమవ్వ గిన్నెలు తోముతోంది.

“అవ్వా, మధ్యాహ్నం మీ సారు కుర్చీల నుంచి లేచిండా?”

“నేను గీడనే ఉన్న బిడ్డా. సూడలే.”

“ఇంట్ల ఏమన్న తక్కువైందా?”

“ఆముదం సీస ఖాళీ అయ్యింది. నిన్ననే నింపిన. ఎవరు తాగిండ్రో!”

“ఇంకా?”

“ఇంకేముంటది? బేస్తారం నాడు రెండు గిలాసల చాయ పెడుత. తక్కిన దినాలల్ల ఒక్కటే. ఇయ్యాల రెండో గిలాస గట్లనే సల్లారింది.”

3.55. అందరినీ వరండాలో నిలబెట్టాడు. వాలుకుర్చీ ఎదురుగా తను నిలబడ్డాడు.

“సార్, పోయింది దాపల చక్రందని మీకెట్ల తెలిసింది?”

దేవిదాస్ రావు శాలువా మోకాళ్ల మీదికి లాక్కున్నాడు.

“మీ కొడుకు వరుసాయనకు పేరే తెల్వదు. లింబయ్య తాళంల ఉన్నడు. మీరు కుర్చీ దిగలేదన్నరు.”

ఆత్మారాం అడ్డుపడ్డాడు. “కాకా అందాజుగ అన్నడేమో సార్.”

“అందాజు అయితే బేరింగులు పోయినయ్ అంటరు. రెండున్నయ్ కద? పోయింది ఒక్కటే అని, గది దాపలదే అని, షెడ్డు తాళం తియ్యకముందే చెప్పిండ్రు. ఇగ రెండోది. దొంగ సామాను ఎత్కపోతడు. మరలు చెడిపోతయని నట్టు మల్ల ఎక్కియ్యడు. ఆ కారంటే పానం ఉన్నోడు ఎక్కిస్తడు. మూడోది, ఆముదం.”

ఆ ఇంట్లో భీమవ్వ చెయ్యి పడని చోటు రాధాబాయి బీరువా ఒక్కటే. రాజలింగు లోపలికి వెళ్లి అది తెరిచాడు. చీరల కింది అరలో పచ్చడి జాడీ. బట్ట కట్టి ఉంది. తెచ్చి కుర్చీ ముందు పెట్టాడు. ఆముదంలో ఐదు బేరింగులు మునిగి ఉన్నాయి. ఒక్కొక్కదానికి దారంతో చీటీ. దాపల. వలపల. కింద తేదీ. అన్నీ బేస్తవారాలే.

“ఇనుము గద,” అన్నాడు దేవిదాస్ రావు మెల్లగా. “తుప్పు పడుతదని ఆముదంల ఉంచిన.”

“ఎందుకు కాకా ఇదంతా?” ఆత్మారాం గొంతు లేచింది.

“కారు తయారైతే లింబయ్యకు ఇక్కడ ఏం పని?”

సైరను మోగింది. ఈసారి ఆయన గడియారం చూసుకోలేదు.

“రమ్మంటే నేను రానా సారూ?” అన్నాడు లింబయ్య.

“ఏమని రమ్మనాలె లింబయ్యా?”

లింబయ్య బేడీల చేతులు ఎత్తి చూపాడు.

“సరే, గది వద్దు. ఇవి పడ్డప్పుడన్న నోరు తెరువకపోతివి.”

రాజలింగు బేడీలు విప్పాడు.

“కేసు రాయండి సార్,” అన్నాడు ఆత్మారాం.

“ఏ సెక్షన్ కింద? తన సామాను తన జాడీల పెట్టుకున్నడు.”

స్టేషన్ రికార్డులో ‘వస్తువు ఇంట్లోనే కనబడినది, ఫిర్యాదు వాపసు’ అని రాశాడు. ఎవరు దాచారో, ఎందుకు దాచారో రాయలేదు.

దేవిదాస్ రావు శాలువా పక్కన పెట్టి లేచాడు. జాడీ తనే మోసుకుంటూ షెడ్డు దాకా నడిచాడు. మోకాళ్లు బాగానే నడిచాయి.

“బిగించు లింబయ్యా. ఐతారం పోతది కారు.”

లింబయ్య బిగించాడు. వలపల నట్టు సూటిగా, దాపల నట్టు ఉల్టాగా. మూడేళ్ల పని యాభై నిమిషాల్లో అయిపోయింది. 5.05కి చక్రాలు నేలను తాకాయి. కొత్త స్ప్రింగుల మీద కారు ఒకసారి ఊగి నిలబడింది. లింబయ్య సంచి భుజాన వేసుకుని, వరండాలో ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయాడు.

ఐతారం కారూ పోయింది. షెడ్డులో నాలుగు దుంగలు మిగిలాయి.

26వ తేదీ. బేస్తవారం. జెండా పండుగ. భీమవ్వ అలవాటు ప్రకారం రెండు గ్లాసుల చాయ పెట్టింది. దేవిదాస్ రావు ఆ రెండో గ్లాసు వైపు చూడలేక కళ్లు మూసుకున్నాడు. అప్పుడు గేటు చప్పుడైంది. లింబయ్య. పాత ఎద్దుబండి చక్రం దొర్లించుకుంటూ వచ్చి మెట్లకు ఆనించాడు.

“సారూ, దీని సంగతి నీ బుక్కుల ఏం రాసిండ్రో సదువు.”

బాగుంది కదా? ఆ బండి చక్రం నేను కల్పించాను. కథకు బరువు కావాలని దొర్లించుకొచ్చాను. తక్కినదంతా జరిగిందే.

లింబయ్య వట్టి చేతులతో వచ్చాడు. “ఒక పానా మరిచిపోయిన సారూ,” అన్నాడు. వెతికితే వరండాలో, వాలుకుర్చీ కింద దొరికింది. దొరికాక కూడా నిలబడే ఉన్నాడు. భీమవ్వ గ్లాసు చేతిలో పెట్టాక కూర్చున్నాడు.

పనంతా జరిగింది షెడ్డులో. పానా దొరికింది వరండాలో. ఈ సంగతి రాజలింగుకు చెప్పాను. లేని మీసం కుడి కొస లేచింది.