గాజుగదిలో తెల్లపొగ

కాలవలో తేలిన శవాన్ని కొక్కెంతో ఒడ్డుకి లాగుతుంటే, వంతెన మీద టూరిస్టులు ఫొటోలు తీసుకున్నారు. పోలీసులు అనామకుడని రాసుకున్నారు.

ఆ అనామకుడు నత్తకి స్వయానా బావ, అక్క మొగుడు. ఇద్దరూ ఒకే డిపార్ట్‌మెంట్‌లో సీక్రెట్ ఏజెంట్లు. ఎప్పుడూ తొందరపడడని ఇతనికి నత్త అని పేరు పెట్టింది కూడా ఆ బావే.

చీఫ్ ఆ కొక్కెం ఫొటో ఒకటి నత్త ముందు పెట్టాడు. బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది. మన మిస్సైల్ సైంటిస్టుకి మోడరన్ ఆర్ట్ అంటే పిచ్చి. కాలవల ఊళ్లో ఎగ్జిబిషన్ చూడ్డానికి వెళ్తున్నాడు. అక్కడే ఆయన్ని చంపాలని విదేశీ ముఠా ప్లాన్. దాని నాయకుడెవరో కనిపెట్టబోతూ బావ నీళ్లపాలయ్యాడు.

"చావు సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. మీ అక్కక్కూడా చెప్పకు," అన్నాడు చీఫ్.

అక్క ఫోన్ చేసి, మీ బావని వేళకి తినమని చెప్పరా అంది. సరేనన్నాడు నత్త.

నెరిసిన విగ్గు, చేతికర్ర, బొమ్మలు కొనే షావుకారు వేషం. మ్యూజియంలో ఎర్ర సిల్కు గౌను వేసుకున్న క్యూరేటర్ ఎదురొచ్చింది. చూస్తే కళ్లు తిప్పుకోలేని మనిషి. చాన్నాళ్లుగా మనకి ఉప్పందిస్తున్నది ఆమే.

"ఈ బొమ్మ తలకిందులుగా ఉందా?"

"బొమ్మ కాదు, మనమే."

కోడ్ సరిపోయింది. బావని అర్జెంటుగా ఇంటికి పిలిపించారని నత్త చెప్పాడు. ఆమె తలూపింది. ముఠావాళ్లు కాలవలో పడవ మీంచి కాలుస్తారని, సైంటిస్టుని గాజుగదిలోకి పంపిస్తే తూటా దిగదని చెప్పింది. ఆ గది కూడా ఒక ఎగ్జిబిట్టే. ఒక్కొక్కరే లోపలికెళ్తారు, తెల్లటి మంచు కమ్ముకుంటుంది, మిగతావాళ్లు బయటినుంచి చూస్తారు.

"మీరూ కాలవ దగ్గర తిరక్కండి. మీ బావకి ఈత వచ్చుంటే ఈపాటికి..." అని, నాలిక్కరుచుకుంది.

నత్త నిమ్మకు నీరెత్తినట్టు బొమ్మకేసి చూస్తూ నిలబడ్డాడు, ఏమీ విననట్టు.

మ్యూజియం డైరెక్టరే సైంటిస్టుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. క్యూరేటర్ గాజుగది తలుపు తెరిచి పట్టుకుంది. సైంటిస్టు గడప మీద కాలు పెట్టాడు. నత్త కర్ర వంపు ఆయన కాలర్‌కి తగిలి వెనక్కి లాగింది. రెండో చెయ్యి క్యూరేటర్‌ని లోపలికి తోసింది. తలుపు టక్కున మూసుకుంది.

తెల్లపొగ లేచింది. అది ఉత్త మంచే అయితే ఆమె నవ్వుతూ నిలబడేది. గోళ్లతో గాజుని గీకింది. ఇదేదో పెర్ఫార్మెన్స్ అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

నత్త జేబులోంచి లైటర్ తీశాడు. బావ దగ్గరా అలాంటిదే చూసింది కాబట్టి, అది ఎలాంటి ఎలక్ట్రానిక్ లాకునైనా తెరుస్తుందని ఆమెకి తెలుసు. "నాయకుడు?" అని పెదాలు మాత్రం కదిపాడు.

ఆమె పొగ పట్టిన అద్దం మీద వేలితో పేరు రాసింది. బయటినుంచి అక్షరాలు కుడి ఎడమలు తారుమారై కనిపించాయి. చివరి అక్షరం అయ్యేదాకా నత్త ఓపిగ్గా చదివాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్న డైరెక్టర్ పేరు అది.

ఆమె కళ్లు లైటర్ మీదే ఉన్నాయి. నత్తకి కొక్కెం గుర్తొచ్చింది. లైటర్ జేబులో వేసుకున్నాడు.

డైరెక్టర్ చేతులు ఆగిపోయాయి. పారిపోబోయాడు గానీ, అప్పటికే నత్త పిస్తోలు పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.

"చప్పట్లు ఆపకండి సార్. ఆవిడ ఇంకా పూర్తి చెయ్యలేదు," అన్నాడు నత్త.

లోపల జరిగిందేమిటో డిపార్ట్‌మెంట్ బయటికి పొక్కనివ్వలేదు. మొత్తం ఎగ్జిబిషన్‌లో ప్రాణం పెట్టి చేసిన ప్రదర్శన అదొక్కటేనని మర్నాడు పేపర్లో ఆర్ట్ క్రిటిక్ రాశాడు.