ఉదోన్‌కి ఎముకలెక్కువ

ఆ బజారులో ఎవరికీ పాము అక్కర్లేదు. దాని కుబుసం కావాలి. ఇదంతా లాటరీ టికెట్లమ్మే చిజురు చేసిన పని.

తొగాషి గొడుగులు బాగుచేస్తాడు, ఆ పాముని పెంచుకునేదీ అతనే. అతని కొట్టుకి ఎదురుగా ఆమె బూత్. టికెట్ కొన్న ప్రతివాడికీ ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి చూపించేది.

"తెల్లపాము కుబుసం పర్సులో పెట్టుకోండి, తగులుతుంది. అదిగో, ఆ కొట్లో ఉంది."

దాంతో చేతిలో గొడుగు లేనివాళ్ళు కూడా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడేవారు.

"కాస్త నోరు మూసుకుంటారా?" అని తొగాషి అరిచేవాడు.

"మీ పాముకి పేరొస్తుంటే మీకేంటండీ బాధ?"

"దానికో పేరుంది. ఉదోన్."

"నూడుల్స్ పేరా! ఆకలేసినప్పుడు పెట్టారా?"

ఆ చలికాలం ఉదోన్ తిండి మానేసింది. నోరు తెరిచి, ఈల వేసినట్టు ఊపిరి తీసేది. పాముల్ని చూసే డాక్టరు పక్క నగరంలో ఉన్నాడు. తొగాషి దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే చిజురు చూసింది. ఏడాది చివరి పెద్ద లాటరీకి అదే ఆఖరు రోజు. బూత్ ముందు జనం వీధి మలుపు దాకా ఉన్నారు. ఆమె షట్టర్ దించేసి వచ్చింది.

"మీకు వేరే పనిలేదా?"

"మీ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. దానికి వెచ్చదనం కావాలి. ఇటివ్వండి."

సంచిని కోటు లోపల పెట్టుకుని బొత్తాలు వేసుకుంది. రైల్లో ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"కదులుతోంది."

"కదిలితే మంచిదే."

"చక్కిలిగింతలు పెడుతోందండీ బాబూ!"

అతనికి నవ్వొచ్చింది. నవ్వించినందుకు ఆమె మీద ఒళ్ళు మండింది.

ఊపిరితిత్తులు చెడిపోయాయనీ, ఆలస్యంగా తెచ్చారనీ డాక్టరు చెప్పాడు. ఉదోన్ ఆ వారం దాటలేదు.

చేపల కొట్టాయన పరామర్శకొచ్చాడు. "పోయిందటగా, పాపం. చివరి కుబుసం ఏమైనా..."

"సిగ్గుందా మీకు! ఇంట్లో చావు జరిగితే?" బూత్‌లోంచి చిజురు అరిచింది.

"ఈ గోల మొదలెట్టింది మీరేగా?" అన్నాడు తొగాషి.

"నేనే. అందుకే నేనే అరుస్తున్నాను."

పెంపుడు జంతువుల శ్మశానానికి అతను ఒక్కడే వెళ్ళాడు. దహనం అయ్యాక అక్కడి ఉద్యోగి రెండు జతల చాప్‌స్టిక్స్ తెచ్చాడు.

"ఒక్కో ఎముకనీ ఇద్దరు కలిసి ఎత్తి కుండలో వెయ్యాలండీ. ఇంటివాళ్ళే వెయ్యాలి. మీతో ఎవరొచ్చారు?"

తొగాషికి ఎవరూ లేరు. ఉదోన్‌ని పరాయివాళ్ళు ఎత్తడం అతనికి ఇష్టం లేదు.

"నేనొచ్చాను," అంది గుమ్మంలోంచి చిజురు. పరిగెత్తుకొచ్చిందేమో, రొప్పుతోంది.

"మీరేమవుతారమ్మా?"

ఆ వాగుడుకాయ తొగాషి వైపు చూసింది.

"మా ఆవిడ," అన్నాడు తొగాషి విసుగ్గా. "కానివ్వండి."

పళ్ళెం నిండా ఎముకలే. చేపముళ్ళంత సన్నటివి, ఎంత ఎత్తినా తరగనివి.

"మీరు గట్టిగా నొక్కుతున్నారు. విరుగుతుంది," అంది చిజురు.

"మీ చెయ్యే వణుకుతోంది."

"ఎదురుగా మనిషి ఏడుస్తుంటే వణకదా?"

"ఎవరు ఏడుస్తున్నారు?"

"మీరే."

తొగాషి మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. ఆమె ఎముక జారకుండా తన పుల్లలతో పట్టి ఉంచింది. ఉద్యోగి గడియారం చూశాడు.

"మిగిలినవి మేం సర్దుతాం లెండి."

"వద్దు," అన్నారిద్దరూ.

బయటికొచ్చేసరికి వాన పడుతోంది. గొడుగులవాడి దగ్గర గొడుగు లేదు. ఆమె గొడుగు కిందే ఇద్దరూ సర్దుకున్నారు. కుండని అతను గుండెకి హత్తుకున్నాడు.

"లోపల ఏదో అన్నారు," అంది చిజురు.

"ఏం లేదు."

"'మా ఆవిడ' అన్నారు. రేపొచ్చి అబద్ధమని ఆ ఉద్యోగికి చెప్పనా?"

"అబద్ధమని ఎవరన్నారు?"

ఆమె ఆగిపోయింది. గొడుగు కూడా ఆగింది. రెండడుగులు ముందుకెళ్ళిన అతను తడుస్తూ నిలబడ్డాడు.

"అయితే ఇంకోసారి చెప్పండి."

"చెప్పను."

"ఒక్కసారి!"

"పెళ్ళి ఏ రోజో మీరే చూసుకోండి, వస్తాను. ఆ మాట మాత్రం బతికుండగా మళ్ళీ నా నోట రాదు."