మొదటి గీత ఖాళీ

బుధవారం మధ్యాహ్నం, తేమా హార్బరు వీధిలో వాన కురుస్తుండగా ఎకువా డిటెక్టివ్ అరబా బెంట్సిల్ ఆఫీసుకు వచ్చింది. ఆమె తమ్ముడు జోజో, పెద్ద వలలు లాగే ట్రాలర్ ఓడ మీద ప్రభుత్వ పరిశీలకుడు. పడవల వాళ్లకు దక్కాల్సిన చిన్న చేపను ఓడ దొంగతనంగా పడుతోందేమో చూసి రాయడం అతని పని. పోయిన శుక్రవారం పొద్దుటికి అతను ఓడలో లేడు.

"తాగి పడిపోయాడంటున్నారు మేడమ్. వాడి కాగితాల్లో దొంగ చేప ఊసే లేదంట. నిన్న మంగళవారం కదా, మా రేవులో పడవలన్నీ ఒడ్డునే. ఊరంతా కూచుని వాడు అమ్ముడుపోయాడనే మాట. మనిషి ఎలాగూ దక్కడు, పేరైనా దక్కించండి."

మర్నాడు అరబా, ఆమె సహాయకుడు ఫిఫి ఓడెక్కారు. పరాయి దేశపు కెప్టెన్ భుజాలెగరేసి ఊరుకున్నాడు. పరిశీలకుడితో ఎవరూ మాట్లాడకూడదని కెప్టెన్ హుకుమనీ, రెండు నెలలూ జోజో ఒక్కడే ఓ మూల కూచుని తినేవాడనీ వంటవాడు సెలోమ్ నసుగుతూ చెప్పాడు. డెక్ పనివాళ్ల మేస్త్రి మియెజా మాత్రం మర్యాదస్థుడు. వాళ్లకు టీ పోశాడు.

"తీరిగ్గా అడగండి. ఇవాళ గురువారం. మా న్జెమా తీరంలో అయితే సముద్రానికి సెలవు, వల ముట్టం," అన్నాడు.

జోజో కాగితాలు ఫైలులో గుచ్చిన విడి పేజీలు, రోజుకొకటి. వాటి మీద తారీఖులే తప్ప వారాలు లేవు. వారానికి ఒక్క పేజీలో మాత్రం మొదటి గీత ఖాళీగా ఉంది. బద్ధకమేమో అనుకున్నాడు ఫిఫి. అరబా గోడ మీది క్యాలెండరు తెమ్మంది. ఖాళీ గీతలున్న తారీఖుల్ని దాని మీద ఒక్కొక్కటే వేలితో వెతికింది.

శుక్రవారం ఓడ భోజనాల గదిలో ఇన్‌స్పెక్టరు ఎదుట అందరినీ కూర్చోబెట్టింది.

"జోజోది ఫాంటీ జాతి వాళ్ల రేవు. అక్కడ సముద్రానికి సెలవు మంగళవారం. ఓడ మీద ఆ సెలవు లేదు గనక, ఆ రోజు కాగితంలో ఒక గీత సముద్రానికి వదిలేవాడు. ఆరు వారాలు అంతే. చివరి రెండు వారాలు మాత్రం ఖాళీ గీత గురువారానికి జరిగింది. ఆ పేజీలు వేరేవాళ్లు రాశారు. కెప్టెన్‌కి ఆ గీత అర్థమే తెలియదు. అది సెలవు గుర్తని కనిపెట్టి, జోజో సెలవూ తన ఊరి రోజేననుకుని గురువారం వదిలిన మనిషి రాశాడు."

అందరూ మియెజా వైపు చూశారు.

"రెండు నెలలు ఒకే గదిలో తిన్నారు. ఆ గీత ఎందుకని ఒక్కసారి అడిగుంటే నువ్వు దొరికేవాడివి కాదు," అంది అరబా.

మియెజా తల దించుకున్నాడు. "జోజోని నీళ్లలోకి తోసింది కెప్టెన్. రాసింది నేను. అసలు పేజీలు చింపబోతే చేతులు రాలేదు." తన పరుపు కింది నుంచి పేజీలు తెచ్చి ఇచ్చాడు. ఆ చివరి రెండు వారాల దొంగ చేప పెట్టెల లెక్క రోజువారీగా వాటిలో ఉంది.

ఆ సాయంత్రం ఎకువా తనకు చదువు రాదని, చివరి పేజీ చదివి వినిపించమని అడిగింది. ఫిఫి పెట్టెల లెక్కంతా చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాడు.

"చదువు నాయనా."

"ఇవాళ మియెజా టీ ఇచ్చాడు. మాట్లాడలేదు గానీ, ఇచ్చాడు."