ఓబులమ్మ పాడిన క్యాసెట్

రెండువేల నాలుగులో సంగతి. హిందూపురంలో నాకు రికార్డింగ్ షాపు ఉండేది. అప్పటికే జనం ఒక్క సీడీలో నూరు పాటలు వేయించుకుని పోతున్నారు. గోడ నిండా క్యాసెట్లు దుమ్ముపట్టి ఉన్నా తీసేయడానికి నాకు మనసొప్పలేదు. రీలు తిరుగుతుంటే పాట కంటికి కనబడుతున్నట్టే ఉండేది.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ధర్మవరం నుంచి చంద్రప్ప వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి. చొక్కా లోపల, గుండెకు ఆనించుకుని ఒక క్యాసెట్ తెచ్చాడు.

"మా ఇంటామె ఓబులమ్మ మగ్గం కాడ పాడినేది, నౌషాదూ. ఆయమ్మ పోయి ఏడాదాయ. రీలు అరిగిపోతాంది. సీడీలోకి ఎక్కించియ్యప్పా."

టేప్ డెక్ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి క్యాసెట్ పెట్టాను. ముందు సుయ్‌మని చప్పుడు. తర్వాత మగ్గం. టక్... టక్... దాని మీద ఆడగొంతు, తీయగా. బయట వాన మొదలైంది. గదిలో తడిసిన పట్టు వాసన.

ఉన్నట్టుండి పాట ఆగింది. మగ్గం ఆగలేదు.

"ఏమప్పా... ఉండావా?" రీల్లోంచి ఆ ఆడగొంతే అడిగింది.

చంద్రప్ప డెక్ మీదికి వంగాడు. "ఈడనే ఉండా."

"ఆపొద్దు... నువ్వు ఆపితే ఈడ ఏమీ కనపడదు."

ఆపబోయాను. చంద్రప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"రోజూ ఇంతే," అన్నాడు గుసగుసగా. "ఆపితే చీకట్లో కూచోనుంటాది. తిప్పితే రీలు అరుగుతాది. నేనేం చేసేదప్పా?"



అప్పుడే రీలు లోపల చుట్టుకుంది. గొంతు సాగింది... బండబారింది... పుటుక్కున తెగింది.

నలిగిన ముక్క కత్తిరించి, రెండు కొనలూ అతికించాను. వేలెడంత పోయింది. మళ్ళీ పెట్టాను.

టక్... టక్...

"ఓబులమ్మా, నేనే."

మగ్గం ఆగింది.

"ఎవరప్పా నువ్వు?"

పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. పెళ్ళినాటి చీర రంగు చెప్పాడు. ఆమె మళ్ళీ అదే అడిగింది, పరాయివాణ్ణి అడిగినట్టు. కత్తిరించిన ముక్క కోసం చంద్రప్ప నేలంతా వెతికాడు. "ఇది గూడా అతికించప్పా" అని నా చేతిలో పెట్టాడు. అది నా వేళ్ళ మధ్య పొడైపోయింది.

క్యాసెట్ తీసుకుని వానలోనే వెళ్ళిపోయాడు. సీడీ సంగతే మరిచిపోయాడు. పిలిస్తే తిరిగి చూడలేదు.

కంప్యూటర్‌లో ఎక్కినంత వరకు సీడీకి రాసి, వేసి విన్నాను. అందులో పాట లేదు. మగ్గం లేదు. చంద్రప్ప గొంతొక్కటే ఉంది. నేను మైకు పెట్టలేదు. గదిలో మాట అందులో పడే దారే లేదు.

"ఓబులమ్మా... నేనే..."

బస్టాండుకు పరుగెత్తాను. ధర్మవరం బస్సు వెళ్ళిపోయింది. ఆయన ఇల్లెక్కడో తెలియదు. ఫోను లేదు. ఆయనకేదో కాబోతోందని మాత్రం తెలుసు.

తడిసి తిరిగొచ్చాను. సీడీ ఇంకా తిరుగుతూనే ఉంది. పిలుపు దూరమైపోతోంది... ఇంకా దూరం...

చివర్లో, ఓబులమ్మ పలకాల్సిన చోట, ఎవరో మగమనిషి పలికాడు. అది చంద్రప్ప గొంతు కాదు. నాదీ కాదు.

"ఆఁ... వస్తాండా."